డెబ్బై దాటాక పెద్ద ఆపరేషన్: ముప్పై రోజుల లెక్క చాలదు

"సార్, ఈ వయసులో తట్టుకుంటారా?" హైదరాబాద్‌లో గుండె, రక్తనాళాలు, ఊపిరితిత్తుల సర్జన్ల గదుల్లో రోజూ వినపడే మాట ఇది. వెనకాలే రెండో ప్రశ్న వస్తుంది: "గ్యారంటీ ఎంత శాతం?" సర్జన్ ఏదో ఒక అంకె చెబుతారు. తొంభై అయిదు అంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం వస్తుంది, ఎనభై అంటే గుండె జారుతుంది. ఆ అంకె దేన్ని కొలిచిందో మాత్రం దాదాపు ఎవరూ అడగరు.

చాలాసార్లు అది ఆపరేషన్ జరిగిన ముప్పై రోజులకు ప్రాణాలతో ఉన్నవారి లెక్క. ముప్పయ్యో రోజున వెంటిలేటర్ మీద ఉన్నా, మంచాన పడినా, కన్నకొడుకుని గుర్తుపట్టకపోయినా ఆ లెక్క ప్రకారం బతికినట్టే. యాభై ఏళ్ల మనిషికి దీనితో పెద్ద పేచీ లేదు. నెల తిరిగేసరికి ఇంటికి చేరితే దాదాపు గట్టెక్కినట్టే. డెబ్బై అయిదేళ్లవారికి అలా కాదు. నెలకూ ఏడాదికీ మధ్య చాలా జరుగుతుంది. వాళ్లకు కావాల్సింది కాలూచెయ్యీ ఆడుతూ, తన స్నానం తాను చేసి, తన పళ్లెంలో తాను కలుపుకుని తినే బతుకు. ఆ ఫలితాన్ని ముప్పై రోజుల అంకె కొలవదు.

బృహద్ధమని సంగతే చూద్దాం. గుండె నుంచి పొట్టలోకి దిగే ఈ పెద్ద రక్తనాళం గోడ వయసు మీదపడ్డాక కొందరిలో బలహీనపడి ఉబ్బుతుంది. పొగతాగే మగవాళ్లలో ఎక్కువ. నొప్పి ఉండదు, ప్రోస్టేట్ కోసమో పిత్తాశయంలో రాళ్ల కోసమో పొట్ట స్కాన్ తీయిస్తే అనుకోకుండా బయటపడుతుంది. బ్రిటన్‌లో మగవాళ్లకు 65 ఏళ్లు రాగానే ఇందుకోసమే ప్రభుత్వం స్కాన్ చేయిస్తుంది. మన దగ్గర అలాంటిది లేదు. ఉబ్బు అయిదున్నర సెంటీమీటర్లకు చేరితే మగవాళ్లకు రిపేరు అవసరమంటారు, ఆడవాళ్లకు ఇంకాస్త ముందే. పగిలితే చాలామంది ఆసుపత్రి గుమ్మం కూడా చేరలేరు.

రిపేరు రెండు రకాలు. పొట్ట తెరిచి ఉబ్బిన చోట కృత్రిమ గొట్టం కుట్టడం ఒకటి. తొడ దగ్గర రక్తనాళంలోంచి మడిచిన గొట్టాన్ని పంపి, లోపల విప్పి ఆనించడం రెండోది. ఈ రెండింటినీ పోల్చిన బ్రిటిష్ ట్రయల్ ఈవార్-1 తొలి ఫలితాలు 2004లో వచ్చాయి. ముప్పై రోజుల్లో చనిపోయినవారు పొట్ట తెరిచిన వర్గంలో 4.7 శాతం, తొడ దారి వర్గంలో 1.7 శాతం. ఎవరైనా రెండోదే కోరుకుంటారు. కానీ అదే రోగుల్ని పదిహేనేళ్లపాటు గమనించి 2016లో ప్రకటించిన ఫలితాల్లో ఆ తేడా నిలవలేదు. ఎనిమిదేళ్లు దాటాక తొడ దారి వర్గంలోనే మరణాలు పెరిగాయి. లోపల పెట్టిన గొట్టం పక్కనుంచి రక్తం కారడం, పాత ఉబ్బు మళ్లీ పగలడం కొంత కారణం. అందుకే అలా చేయించుకున్నవారు జీవితాంతం స్కాన్లు తీయించుకుంటూ ఉండాలి. డిశ్చార్జ్ అయ్యి కరీంనగరో నల్గొండో వెళ్లిపోయిన పెద్దాయన ప్రతి ఏడూ స్కాన్‌కు తిరిగొస్తాడా అన్నది కూడా చికిత్స ఎంపికలో భాగమే. అరవై రెండేళ్ల గట్టి మనిషికి ఒక జవాబు, ఎనభై రెండేళ్ల మనిషికి ఇంకో జవాబు రావడంలో తప్పేం లేదు. ఎనిమిదేళ్ల తర్వాతి చిక్కు రెండో ఆయనకు అంత పెద్ద విషయం కాకపోవచ్చు.

దీని జంట ట్రయల్ ఈవార్-2 గురించి తక్కువమంది మాట్లాడతారు. పొట్ట తెరిచే ఆపరేషన్‌కు ఒళ్లు సహకరించదని తేల్చిన రోగుల మీద చేశారు. సగంమందికి తొడ దారిలో గొట్టం వేశారు, మిగతా సగానికి ఏమీ చేయలేదు. గొట్టం వేసినవారిలో ఉబ్బు పగిలి చనిపోవడం తగ్గింది. మొత్తం మరణాలు మాత్రం తగ్గలేదు. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎలాగూ వాళ్లను తీసుకుపోయాయి. ఆపరేషన్ సక్సెస్ అవడం, రోగికి మేలు జరగడం వేర్వేరు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం దొరకదు.

ఆధార్ కార్డు మీది వయసు

అలాగని డెబ్బై దాటితే కత్తి పెట్టొద్దని కాదు. మనదేశంలో డెబ్బై ఏళ్లకు చేరినవారు సగటున మరో పదేళ్లకు పైనే బతుకుతారు. "ఈ వయసులో ఎందుకులే" అని ఊరుకుంటే ఆ పదేళ్లూ ఆయాసంతో, కుళ్లిన వేలితో గడపాల్సి రావచ్చు. ఆధార్ కార్డులో 78 ఉన్న ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే తేడా కనిపిస్తుంది. ఒకాయన పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి వస్తాడు. ఇంకొకాయన సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ ఊతం తీసుకుంటాడు. ఇద్దరికీ ఒకే అంకె చెప్పడంలో అర్థం లేదు.

ఈ తేడాను కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో గుండె ఆపరేషన్‌కు వచ్చిన డెబ్బై పైబడినవారిని అయిదు మీటర్లు మామూలుగా నడవమన్నారు. దానికి ఆరు సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పట్టినవారిలో మరణం లేదా పెద్ద చిక్కులు రావడం మిగతావారి కన్నా దాదాపు మూడు రెట్లు. ఆసుపత్రి వరండాలో రెండు టేపు గీతలు, చేతిలో ఫోన్ ఉంటే చాలు. చక్రాల కుర్చీలో ఓపీకి తెచ్చి, చక్రాల కుర్చీలోనే వెనక్కి తీసుకెళ్లే అలవాటు వల్ల ఈ పరీక్ష చాలా చోట్ల జరగదు. నడవగలిగిన పెద్దాయన్ని కూడా గేటు దగ్గరే కుర్చీలో కూర్చోబెడతారు. మర్యాదే, కానీ సర్జన్ చూడాల్సిన ముఖ్యమైన విషయం అక్కడే మరుగున పడుతుంది.

నడకతోపాటు గమనించేవి ఇంకొన్ని ఉన్నాయి. ప్రయత్నించకుండానే ఒళ్లు తగ్గడం, చేతి పట్టు సడలడం, చిన్న పనికే అలసిపోవడం, ఇంట్లోనే ముడుచుకుపోవడం. ఇవన్నీ కలిసి వచ్చినప్పుడు దాన్ని ఫ్రెయిల్టీ అంటారు. మనవాళ్లు "సత్తువ లేదు" అనేది దాదాపు ఇదే. సత్తువ లేని ఒంట్లో ఒక్క చిక్కు వస్తే అది అక్కడితో ఆగదు. న్యుమోనియా వస్తే ఆకలి పోతుంది, తినకపోతే కండ కరుగుతుంది, కండ లేక లేవలేరు, లేవలేనివారికి వీపు మీద పుండు పడుతుంది.

కాలి దగ్గర మొదలయ్యే కథ

మన నగరంలో పెద్దవయసు రక్తనాళాల ఆపరేషన్ అంటే బృహద్ధమని కన్నా ముందు తలుచుకోవాల్సింది కాలు. షుగర్ ఇరవై ఏళ్లుగా ఉండి, కిడ్నీ కూడా కాస్త దెబ్బతిన్నవారిలో మోకాలి కింద సన్న రక్తనాళాలు సున్నం పట్టి మూసుకుపోతాయి. మొదట చెప్పు రాసుకున్న చిన్న పుండు, తర్వాత నల్లబడిన వేలు. పాదంలో స్పర్శ ఉండదు కాబట్టి నొప్పి తెలియదు. పసుపు రాసి, కట్టు కట్టించి, ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు వేయించి, ఆఖరికి పంజాగుట్టలోని నిమ్స్‌కో, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియాకో వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి. అక్కడ సర్జన్ ముందు ఉండే ప్రశ్న రక్తం పారించి కాలు నిలబెట్టడమా, తీసేయడమా అని.

నిలబెట్టడానికి దారులు రెండు. కాలిలోని సొంత సిరను తీసి మూసుకున్న భాగాన్ని దాటించే బైపాస్, లేదా బెలూన్‌తో లోపలినుంచి తెరవడం. 2022లో వచ్చిన అమెరికా ట్రయల్ బెస్ట్-సీఎల్ఐ, మంచి సిర దొరికినవారికి బైపాస్ మేలని తేల్చింది. మరుసటి ఏడాదే వచ్చిన బ్రిటిష్ ట్రయల్ బాసిల్-2, మోకాలి కింది రక్తనాళాలు మూసుకున్నవారికి బెలూన్ ముందు వాడటమే మేలంది. అందులో కాలు పోవడమో ప్రాణం పోవడమో జరిగింది బైపాస్ వర్గంలో 63 శాతానికి, బెలూన్ వర్గంలో 53 శాతానికి. తేడా ఎక్కువగా మరణాల వల్ల వచ్చింది. రెండు ట్రయల్స్‌లోని రోగులు ఒకే తరహా కాదు. ఎవరికి ఏది అన్నది సిర బాగుందా, జబ్బు ఎంత కిందిదాకా పాకింది, మనిషిలో ఎన్నేళ్ల బతుకు మిగిలింది అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. ఆ 63, 53 అంకెల్ని మరోసారి చూడాలి. ఏ దారి పట్టినా సగానికి పైగా మందికి కాలో ప్రాణమో దక్కలేదు. కాలికి వచ్చిన ఈ జబ్బు తీవ్రత చాలా క్యాన్సర్లకు తీసిపోదు, కానీ క్యాన్సర్ అన్నప్పుడు పడే భయం పుండు అన్నప్పుడు పడదు.

ఇక్కడ చేదు నిజం ఇంకోటి ఉంది. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ఉంటూ కాలి రక్తనాళాల చికిత్స చేయించుకున్నవారిని పరిశీలిస్తే, ఏడాది తిరిగేసరికి సగం మంది చనిపోయారు. మిగిలినవారిలో చాలామంది నడవలేకపోయారు. అప్పటికే మంచానికి అతుక్కున్న మనిషికి కాలు నిలబెట్టడం కోసం నాలుగైదు సార్లు థియేటర్‌కు తీసుకెళ్లడం కన్నా, ఒక్కసారి తీసేసి నొప్పి, చీము, దుర్వాసన లేకుండా చేయడమే కొన్నిసార్లు దయగల వైద్యం. దీన్ని చేతకానితనంగా చూడటం తప్పు. నడిచే మనిషికైతే లెక్క తిరగబడుతుంది. మోకాలు మిగిలితే కృత్రిమ కాలుతో నడవడం ఎంతో సులువు, మోకాలి పైన తీస్తే పెద్దవయసులో మళ్లీ నడిచేవారు తక్కువ. కాబట్టి ముందు అడగాల్సింది "కాలు తీస్తారా?" అని కాదు, "మోకాలు ఉంచగలరా?" అని.

చిన్న కోత అంటే చిన్న ప్రమాదమేనా

పెద్దవాళ్లకు ఎంత చిన్న కోతైతే అంత మంచిదని అందరూ అనుకుంటారు. ఆసుపత్రుల హోర్డింగులు కూడా అదే చెబుతాయి. చాలాచోట్ల నిజమే. గుండె నుంచి బృహద్ధమనిలోకి రక్తం వదిలే అయోర్టిక్ వాల్వ్ బిగుసుకుపోయి, ఛాతీ తెరిచే ఆపరేషన్‌కు పనికిరారని తేల్చినవారికి తొడ దారిలో కొత్త వాల్వ్ పంపే టావి పద్ధతి వచ్చింది. 2002లో ఫ్రాన్స్‌లో అలైన్ క్రిబియే మొదటిది చేశాడు. 2010లో వచ్చిన పార్ట్‌నర్ ట్రయల్‌లో రోగుల సగటు వయసు 83. మందులతో సరిపెట్టినవారిలో ఏడాదికి సగం మంది, అంటే 50.7 శాతం పోయారు. టావి చేసినవారిలో 30.7 శాతం. ఎనభై పైబడినవారికి ఇంత తేడా తెచ్చిన చికిత్సలు చాలా తక్కువ. అయినా కొత్త వాల్వ్ పడిన ప్రతి పదిమందిలో ముగ్గురు ఏడాది దాటలేదన్నది కూడా ఆ అంకెలోనే ఉంది.

ఇప్పుడు మెడ దగ్గరికి వద్దాం. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ నాళం పూడుకుంటే పక్షవాతం వస్తుంది. మెడ కోసి పూడిక తీయవచ్చు, లేదా తొడ దారిలో స్టెంట్ వేయవచ్చు. స్టెంట్ చిన్న పని కాబట్టి ముసలివాళ్లకు అదే నయమనిపిస్తుంది. 2010లో వచ్చిన క్రెస్ట్ ట్రయల్‌లో తిరగబడింది. డెబ్బై లోపువారికి స్టెంట్ కాస్త మెరుగు, డెబ్బై దాటినవారికి మెడ కోసే పాత ఆపరేషనే మెరుగు. కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. తొడ నుంచి మెడదాకా తీగ పోవాల్సిన దారి అంతా వంకరలు తిరిగి, గోడలు పెళుసుబారి ఉంటుంది. పాత గోడ మీద సున్నం పెచ్చుల్లా లోపలి పూడిక తీగ తగిలితే రాలుతుంది, రాలిన ముక్క నేరుగా మెదడుకే పోతుంది.

గుండె కొట్టుకుంటుండగానే చేసే బైపాస్ గురించీ ఇలాంటి నమ్మకమే ఉంది. మనదేశంలో ఈ 'బీటింగ్ హార్ట్' పద్ధతి బాగా వాడుకలో ఉంది, పెద్దవాళ్లకు ఇదే సేఫ్ అని కూడా చెబుతుంటారు. 75 ఏళ్లు, ఆ పైబడిన 2500 మందికి పైగా రోగులతో జర్మనీలో ఇదే ప్రశ్న మీద ట్రయల్ నడిపారు. 2013లో ఫలితం వచ్చింది. గుండె ఆపి చేసే బైపాస్‌తో పోలిస్తే ముప్పై రోజులకు గానీ, ఏడాదికి గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి పద్ధతి పేరు చూసి ఆసుపత్రి మారనక్కర్లేదు. ఆ సర్జన్ ఏ పద్ధతిలో ఎక్కువ చేయి తిరిగినవాడో అడగడం దానికన్నా పనికొస్తుంది.

ఊపిరి, మూడు బంతులు

ఛాతీ ఆపరేషన్ అనగానే ఊపిరితిత్తుల క్యాన్సర్ గుర్తొస్తుంది గానీ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి వార్డుల్లో తిరిగితే వేరే ప్రపంచం కనిపిస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ మిగిల్చిన మచ్చలు, ఆ గుంతల్లో పెరిగిన ఫంగస్ ఉండలు, దగ్గితే రక్తం, నెమ్ము చేరి గట్టిపడిన పొర. బీడీలు, కట్టెల పొయ్యి పొగ దీనికి తోడు. సిగరెట్ ముట్టని అరవై అయిదేళ్ల ఆడమనిషి ఊపిరి పరీక్షలో పాత పొగరాయుడిలాగే ఊదలేకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. నలభై ఏళ్లు పొయ్యి ఊదిన ఫలితం అది.

ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేముందు మిగిలేది సరిపోతుందా అని లెక్క కడతారు. గొట్టంలో ఊదించే పీఎఫ్‌టీ, వాయువు రక్తంలోకి ఎంత దిగుతుందో చూసే పరీక్ష, ఇవికాక మెట్లు ఎక్కించి చూడటం. రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలిగితే మంచి సూచన. చిన్న క్యాన్సర్ కణితులకు ఇప్పుడు మొత్తం లోబ్ (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద విభాగం) తీయకుండా కొంత భాగమే తీస్తే చాలని జపాన్‌లోనూ అమెరికాలోనూ జరిగిన పెద్ద ట్రయల్స్ 2022, 2023లో చూపించాయి. కణితి రెండు సెంటీమీటర్లు మించకపోతేనే. ఊపిరి తక్కువున్న పెద్దవారికి ఇది పెద్ద వెసులుబాటు. పక్కటెముకలు విడదీయకుండా కెమెరాతో చేసే వాట్స్ పద్ధతి వల్ల నొప్పి తగ్గి, త్వరగా లేచి తిరుగుతున్నారు. నొప్పి తగ్గడం సుఖం కోసం మాత్రమే కాదు, నొప్పి ఉంటే దగ్గరు, దగ్గకపోతే కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది.

హైదరాబాద్‌కు ఈ ఊపిరి-గుండె గొడవతో పాత సంబంధమే ఉంది. మత్తు కోసం క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు మనిషి పోయేది గుండె ఆగా, ఊపిరి ఆగా అని తేల్చడానికి 1888లో, 1889లో ఇక్కడే రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. ఊపిరినే కనిపెట్టి ఉండాలి, గుండెకు భయం లేదని తేల్చారు. గుండె కూడా ఆగుతుందని తర్వాత రుజువైంది. అయినా ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న సగం మాట నేటికీ నిలిచింది, ముఖ్యంగా ముసలి రోగుల విషయంలో.

అందుకే ఆపరేషన్‌కు ముందు చేతికిచ్చే ఆ మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా అంత విలువైనది. చాలా ఇళ్లలో దాన్ని ఊదుతారు. ఊదడం కాదు, లోపలికి పీల్చాలి. బంతి పైకి లేచాక రెండు మూడు సెకన్లు నిలపాలి. ఈ సంగతి నర్సు ఒక్కసారి చేసి చూపించకపోతే ఆ డబ్బా కిటికీ గట్టు మీద మందుల కవర్ల పక్కన పడి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 2006లో అచ్చయిన ట్రయల్‌లో, ఊపిరితిత్తుల చిక్కులు వచ్చే అవకాశం ఎక్కువున్న గుండె బైపాస్ రోగులకు ముందునుంచే శ్వాస కండరాల వ్యాయామం చేయించారు. అదీ బరువు పెట్టి పీల్చే గట్టి వ్యాయామం, రోజూ, కనీసం రెండు వారాలు. న్యుమోనియా 16.1 శాతం నుంచి 6.5 శాతానికి పడిపోయింది. మందు ఖర్చు లేదు, కోత లేదు. బీడీ, సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఇంకా లాభం.

తిండి సంగతి మరీ ముఖ్యం. మన ఇళ్లలో ఆపరేషన్ అయినవారికి పప్పు పెట్టరు, చీము పడుతుందని. వంకాయ, గోంగూర సరే, పోతేపోయింది. గుడ్డు వేడి, చికెన్ అరగదు, పెరుగు జలుబు అని ఒక్కొక్కటే తీసేస్తే మిగిలేది ఇడ్లీ, చారన్నం, బ్రెడ్డు. కోసిన చోట కండ పూడాలంటే ప్రోటీన్ కావాలి. అసలే కండ కరిగిపోయిన డెబ్బై అయిదేళ్ల ఒంటికి ఈ పథ్యం పెట్టడమంటే గాయం మానకుండా చూసుకోవడమే. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ చెప్పిన మేరకు తగ్గించాలి, లేకపోతే పప్పు, గుడ్డు, పెరుగు ఆపరేషన్‌కు వారాల ముందునుంచే పెంచాలి.

ఫిట్‌నెస్ కోసం వేసిన స్టెంట్

పెద్ద ఆపరేషన్‌కు ముందు 'ఫిట్‌నెస్' తేవాలి. ఈసీజీ, టూడీ ఎకో, అక్కడో అనుమానం, యాంజియోగ్రామ్, అక్కడో బ్లాక్, దానికో స్టెంట్. ఇంటివాళ్లకు ఇది జాగ్రత్తగానే కనిపిస్తుంది. 2004లో వచ్చిన కార్ప్ ట్రయల్ ఈ అలవాటునే పరీక్షించింది. పెద్ద రక్తనాళాల ఆపరేషన్ కావాల్సిన 510 మందిలో సగంమందికి ముందు గుండెకు స్టెంటో బైపాసో చేశారు, మిగతావారికి మందులే. రెండేళ్ల పైచిలుకు తర్వాత మరణాలు 22 శాతం, 23 శాతం. ముందు గుండె సరిచేసినందుకు దక్కిన లాభం లేదు. పైగా స్టెంట్ వేస్తే రక్తం పలచబరిచే రెండు మందులు నెలల తరబడి ఆపకూడదు, అసలు ఆపరేషన్ అంతకాలం వాయిదా పడుతుంది. కుళ్లుతున్న కాలు అంతకాలం ఆగదు. ఛాతీనొప్పి కొత్తగా మొదలైనవారు, ఎడమవైపు ప్రధాన గుండె నాళం పూడుకున్నవారి లెక్క వేరు. మిగతావారి విషయంలో "ఈ స్టెంట్ వేస్తే ఆపరేషన్‌లో రిస్క్ ఎంత తగ్గుతుంది?" అని అడిగే హక్కు ఇంటివారికి ఉంది.

అర్ధరాత్రి రెండు గంటలకు

అంకెలన్నింటిలో బాగా ఆలోచింపజేసేది ఒకటుంది. అమెరికాలో జనరల్, రక్తనాళాల ఆపరేషన్లు చేసే ఆసుపత్రులను మరణాల ఆధారంగా వర్గాలుగా విడదీసి 2009లో ఒక అధ్యయనం వచ్చింది. మరణాలు తక్కువున్న ఆసుపత్రుల్లో చిక్కులు 24.6 శాతం మందికి వచ్చాయి. మరణాలు ఎక్కువున్న చోట 26.9 శాతం. పెద్ద తేడా లేదు. పెద్ద చిక్కు వచ్చాక చనిపోయినవారు మాత్రం మొదటి చోట 12.5 శాతం, రెండో చోట 21.4 శాతం. అంటే ప్రాణాలు పోయిన తేడా థియేటర్‌లో కన్నా వార్డులోనే ఎక్కువ. మూత్రం తగ్గిందని, ఊపిరి వేగం పెరిగిందని ఎవరు ముందు గమనించారు, ఎంతసేపట్లో సీనియర్ వచ్చాడు అన్నదే తేల్చింది.

పేరున్న సర్జన్ కోసం ఊరంతా గాలించే కుటుంబాలు రాత్రి ఐసీయూలో ఎవరుంటారో అడగవు. ఇద్దరు రోగులకు ఒక నర్సా, అయిదుగురికి ఒకరా? ఐసీయూకు ప్రత్యేక డాక్టర్ ఉన్నాడా, డ్యూటీ డాక్టర్ ఫోన్‌లో సర్జన్‌ను లేపాలా? బ్రిటన్‌లో రక్తనాళాల ఆపరేషన్ల ఫలితాలు ఆసుపత్రుల వారీగా జాతీయ రిజిస్ట్రీ ప్రకటిస్తుంది. ఇక్కడ అలాంటిది లేదు కాబట్టి నోరు తెరిచి అడగాల్సిందే. పైన చెప్పిన శాతాలన్నీ బయటి దేశాలవే కావడానికీ కారణం అదే. వాటిని ఇక్కడివారికి అలాగే అతికించడం కుదరదు. మన రోగులకు షుగర్ ఎక్కువ, రావడం ఆలస్యం.

ఐసీయూలో మూడో రోజు రాత్రి జరిగేది ఇంకోటి. బాగానే ఉన్న పెద్దాయన గోడ మీద చీమలు పాకుతున్నాయంటాడు, సెలైన్ పీకేస్తాడు, చచ్చిపోయిన అన్నను పిలుస్తాడు. మత్తు ఎక్కువైందని, మతి పోయిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. దీన్ని డెలీరియం అంటారు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో గుండె ఆపరేషన్ అయిన అరవై పైబడినవారిలో 46 శాతం మందికి వచ్చింది. అలా వచ్చినవారిలో 40 శాతం మందికి ఆరు నెలలైనా మునుపటి తెలివితేటలు తిరిగి రాలేదు. డెలీరియం రానివారిలో ఆ సంఖ్య 24 శాతం. గోల చేసేవారిని అందరూ గమనిస్తారు. ఉలుకూపలుకూ లేకుండా పడుకునే రకం ఇంకా ప్రమాదం, 'ఇబ్బంది పెట్టని పేషెంట్' అని ఊరుకుంటారు.

దీన్ని తగ్గించే పనులు చాలా మామూలువి. కళ్లద్దాలు, చెవి మిషన్, పళ్ల సెట్ థియేటర్‌కు ముందు తీసి అమ్మాయి బ్యాగులో పెడతారు, అవి మళ్లీ డిశ్చార్జ్ రోజే బయటికొస్తాయి. అవి వెంటనే తిరిగివ్వాలి. రాత్రి లైట్లు తగ్గించాలి, పగలు లేపి కూర్చోబెట్టాలి. నర్సుల్లో కేరళవారు చాలామంది ఉంటారు. తెలంగాణ తెలుగు తప్ప రాని మెదక్ అవ్వకు "అమ్మా, నొప్పి ఉందా" అన్న మాట తప్ప మిగతాదంతా అయోమయంగానే ఉంటుంది. రోజుకు పదినిమిషాల విజిటింగ్ టైమ్‌కు బదులు, ఇంటి మనిషిని పక్కన కూర్చోనిస్తే చాలా మేలు.

ఖర్చు, సంతకం

ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది. ఆయుష్మాన్ భారత్‌లో 2024 అక్టోబర్ నుంచి డెబ్బై దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షల కవర్ ఇచ్చారు. కొత్త పాలసీ 65 ఏళ్లవరకు ఇస్తే చాలన్న పరిమితిని బీమా నియంత్రణ సంస్థ 2024లోనే ఎత్తేసింది. ఇవన్నీ మంచివే. కానీ ఏ ప్యాకేజీ చూసినా ఆపరేషన్ చుట్టే తిరుగుతుంది. ఆయుష్మాన్‌లో డిశ్చార్జ్ తర్వాత పదిహేను రోజులవరకే ఖర్చు వస్తుంది. పెద్దవారు నిజంగా కోలుకునేది ఆ తర్వాతి మూడు నెలల్లో. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్ట్, రాత్రి తోడుండే మనిషి, బాత్రూంలో పట్టుకునే కడ్డీ, లిఫ్ట్ లేని మూడో అంతస్తు. ఆపరేషన్ డబ్బు సర్దేటప్పుడే వీటికీ కొంత పక్కన పెట్టుకోవాలి.

ఇక నిర్ణయం ఎవరిది? కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో, వీడియో కాల్‌లో సర్జన్. "నాన్నకేం చెప్పకండి, టెన్షన్ పడతారు" అన్న మాట అటునుంచి వస్తుంది. ప్రేమతో అన్న మాటే, కానీ చట్టం దాన్ని ఒప్పుకోదు. తెలివితో ఉన్న వయోజనుడి శరీరం మీద సమ్మతి ఆ మనిషిదే కావాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. పెద్దాయనకు క్యాన్సరనో, కాలు తీయాలనో తెలియకుండా ఇంటివాళ్ల సంతకంతో నడిపించేయడం సరికాదు. పైగా ఆయన్ని అడిగితే పిల్లలు ఊహించని జవాబు రావచ్చు. రెండేళ్లు తక్కువ బతికినా పర్వాలేదు, మంచాన పడి ఇంకొకరితో చేయించుకోనని చెప్పేవారు మన పెద్దల్లో తక్కువేం కాదు.

అలా చెప్పినా కథ ఎటైనా తిరగొచ్చు. బృహద్ధమని చీలికకు (గోడ పొరలు విడిపోయే జబ్బు) ఆపరేషన్ కనిపెట్టిన అమెరికన్ సర్జన్ మైఖేల్ డిబేకీకి 97 ఏళ్ల వయసులో అదే చీలిక వచ్చింది. ఆపరేషన్ వద్దన్నాడు. 2006 ఫిబ్రవరిలో స్పృహ తప్పాక భార్య పట్టుబట్టింది, ఆసుపత్రి నైతిక కమిటీ తర్జనభర్జన పడి ఒప్పుకుంది. వారాల తరబడి వెంటిలేటర్, నెలల తరబడి ఆసుపత్రి, ఎక్కడా తగ్గని ఖర్చు. కోలుకున్నాడు. చేసినందుకు సంతోషమే అన్నాడు. 2008 జులైలో 99 ఏళ్లకు పోయాడు. ఈ కథ చెప్పి ఏ తొంభై ఏళ్ల మనిషినీ థియేటర్‌కు తోయకూడదు, ఆయనకు దక్కిన వైద్యం ఏ వార్డులోనూ దొరకదు. ముందే "వద్దు" అన్నవారి మాట చివరిదాకా నిలుస్తుందో లేదో చెప్పలేమని మాత్రం తెలుస్తుంది.

అందుకే ఆపరేషన్‌కు వారం ముందు, మనిషి స్పృహలో ఉండగా, ఒక సంభాషణ జరగాలి. వెంటిలేటర్ ఎన్ని రోజులు? డయాలసిస్ వస్తే ఒప్పుకుంటారా? గొంతులో రంధ్రం పెట్టాల్సి వస్తే? పది రోజులు చూసి మెరుగు లేకపోతే ఏం చేయాలి? ఈ కోరికల్ని రాతలో పెట్టే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018 మార్చిలో చట్టబద్ధం చేసింది. మొదట మేజిస్ట్రేట్ సంతకం కావాలనడంతో ఎవరూ దాని జోలికి పోలేదు. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధృవీకరింపజేస్తే చాలు, తన తరఫున మాట్లాడాల్సిన మనిషి పేరు కూడా అందులోనే రాయవచ్చు. ఆ కాగితం కాపీ ఒకటి కేస్ షీట్‌లో, ఒకటి ఆ మనిషి దగ్గర ఉండాలి.